ఆరున్నొకటో స్ప్రింగు

1968 నవంబరులో నేను విజయనగరంలోని ఒక ప్రైవేటు బస్సు సర్వీసు వారి షెడ్డులో రెండో తరగతి ఫిట్టరుగా చేరాను. ఆ రోజుల్లో షెడ్డుకు షెడ్డుకూ మెట్లు మారేవి గానీ మా దగ్గర మాత్రం ఇలా ఉండేవి. అందరికన్నా కింద క్లీనరు, ఆ పైన హెల్పరు, అసిస్టెంటు ఫిట్టరు, తర్వాత రెండు తరగతుల ఫిట్టర్లు, ఛార్జ్‌మన్, అందరి నెత్తినా ఫోర్‌మన్. రెండో తరగతి ఫిట్టరుకు ఇంజను విప్పే అధికారం ఉంటుంది గానీ, విప్పాలో వద్దో తేల్చే అధికారం ఉండదు. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. విప్పడమూ తేల్చడమూ రెండూ నాకే బాగా వచ్చని నా నమ్మకం. 1969 ఫిబ్రవరిలో ఒక గురువారం దాకా ఆ నమ్మకం చెక్కుచెదరలేదు.

దాని ముందు రోజు బుధవారం. ఆమదాలవలస నుంచి మా షెడ్డుకు ఒక కార్డు వచ్చింది. స్టేషనుకు మైలున్నర దూరంలో రైసు మిల్లు ఉన్న నాయుడుగారు రాయించినది. ఆయనా మా బస్సుల యజమానీ స్నేహితులు. మా ఫోర్‌మన్ పాపారావుగారు కళ్లజోడు పైకి తోసుకుని కార్డు చదివి, నా చేతిలో పెట్టారు. మిల్లు గుమాస్తా గుండ్రటి దస్తూరీలో నాలుగే వాక్యాలున్నాయి. "కారు వాల్వు స్ప్రింగు విరిగినది. నెంబరు ఆరున్నొకటి. హెడ్డు విప్పరాదు. గురువారం మధ్యాహ్నం లోపుగా బండి తిరగవలెను."

మోటారు పని తెలియని వారి కోసం ఒక మాట. ఆ కారు ఇంజనుకు నాలుగు సిలిండర్లు, ఒక్కో సిలిండరుకు రెండేసి వాల్వులు, మొత్తం ఎనిమిది. పెట్రోలు గాలిని లోపలికి రానిచ్చేవి నాలుగు, పొగను బయటికి పంపేవి నాలుగు. తెరుచుకున్న ప్రతి వాల్వునూ వెనక్కి లాగి మూసేది దాని మీదున్న స్ప్రింగు. అది విరిగితే వాల్వు సరిగ్గా మూసుకోదు, ఇంజను కుంటుతుంది. స్ప్రింగు మార్చాలంటే పుస్తకం చెప్పే పద్ధతి ఒకటే. ఇంజను నెత్తిన మూతలా ఉండే హెడ్డును విప్పి, బల్ల మీద పెట్టుకుని మార్చడం. కానీ హెడ్డు ఒకసారి లేపితే దాని కింద గాలీ నీరూ కారకుండా పరిచే గాస్కెట్టు కొత్తది వెయ్యాలి. ఆ కారు గాస్కెట్టు మద్రాసు నుంచి రావాలి. అది వచ్చేసరికి గురువారాలు రెండు గడుస్తాయి.

పాపారావుగారు స్టోర్సులోకి కబురు పెడితే ఆ ఇంజనుకు సరిపోయే స్ప్రింగులు రెండే ఉన్నాయని తేలింది. "ఆరు, ఒకటి. రెండు విరిగాయి, రెండే ఉన్నాయి. నీ అదృష్టం" అన్నారు ఆయన. కార్డులో 'విరిగినది' అని ఉందే గాని 'విరిగినవి' అని లేదన్న సంగతి ఆయనకూ తట్టలేదు, నాకూ తట్టలేదు. గుమాస్తాల వ్యాకరణాన్ని ఎవరు పట్టించుకుంటారు? ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు, ఇద్దరం ఆ రెండు స్ప్రింగులనూ గుడ్డలో చుట్టేశాం.

హెడ్డు విప్పకుండా స్ప్రింగు మార్చే ఉపాయం ఆ సాయంత్రం పాపారావుగారే నాకు చెప్పారు. స్ప్రింగు తీసేస్తే వాల్వును పట్టుకునే దిక్కు ఉండదు, జారి సిలిండరులో పడుతుంది. పడిందా, ఇక హెడ్డు విప్పాల్సిందే. అందుకని స్పార్కు ప్లగ్గు విప్పి ఆ రంధ్రంలోంచి మెత్తటి తాడును సిలిండరులోకి దోపాలి. తర్వాత ముందున్న హ్యాండిలుతో ఇంజను తిప్పితే పిస్టను పైకి వచ్చి, ఆ తాడు చుట్టను వాల్వుల అడుగుకు అదుముతుంది. పరుపు మీద పడుకున్నట్టు వాల్వు దాని మీద నిలబడుతుంది. అప్పుడు పైన స్ప్రింగు తీసినా భయం లేదు. తాడు మాత్రం నూలుదే కావాలని ఆయన గట్టిగా చెప్పారు. మా వైపు నెల్లిమర్ల జూట్ మిల్లు పుణ్యమా అని ఏ ఇంట చూసినా జనపనార తాడే. దాని పీచు ఊడి సిలిండరులో ఉండిపోతుంది. నేను మా ఇంట్లో బట్టలారేసే నూలు తాడు విప్పి సంచిలో వేసుకున్నాను. దాని గురించి మా అమ్మ అన్న మాటలు ఇక్కడ అనవసరం.

గురువారం పొద్దున్న పాసింజరులో దిగి మిల్లు చేరేసరికి తొమ్మిది దాటింది. గేటు ఎదురుగా టీ కొట్టు బల్ల మీద ఖాకీ చొక్కా వేసుకున్న యాభై ఏళ్ల మనిషి కూర్చుని ఉన్నాడు. నా చేతిలో పనిముట్ల సంచి చూసి లేచాడు. పేరు పైడయ్య, ఆ కారు డ్రైవరు. చిన్నప్పుడు అదే మిల్లులో బస్తాలు మోసి, తర్వాత స్టీరింగు పట్టి పధ్నాలుగేళ్లు అయిందట.

"నన్ను గేటు లోనికి రావద్దన్నారు బాబూ. బండి జోరుగా తోలి నానే ఇరగ్గొట్టినానని నాయుడుబాబు కోపం. నంబరు సూసినారు కదా? టాపు కవరు ఇప్పి, ఏలు పెట్టి నొక్కి సూసి మరీ రాయించినాను" అన్నాడు.

కార్డు నా జేబులోనే ఉందనీ, అంతా చూసుకుంటాననీ చెప్పి లోపలికి నడిచాను. అతను ఇంకేదో చెప్పబోయాడు. డ్రైవర్లు మెకానిక్కులకు పాఠం చెప్పడం నాకు అప్పటికే నచ్చేది కాదు. ఆ ఒక్క నిమిషం నిలబడి ఉంటే నాకు రెండు గంటల పని తప్పేది.

నాయుడుగారు వరండాలో పడక కుర్చీలో ఉన్నారు. భారీ మనిషి, మాట అంతకన్నా భారీ. సంగతి నాలుగు ముక్కల్లో చెప్పారు. బరంపురం నుంచి మధ్యాహ్నం పాసింజరులో ఒక కార్ల బ్రోకరు వస్తున్నాడు. ఆయన వచ్చేసరికి బండి తిరుగుతుంటే బండి ఉంటుంది, బండితో పాటు పైడయ్య ఉంటాడు. తిరక్కపోతే బ్రోకరు ఏ ధర కడితే ఆ ధరకు బండి వెళ్లిపోతుంది. "బండి నేని కాడ డ్రైవరెందుకు? ఆడి దారి ఆడు సూసుకుంటాడు" అన్నారు. హెడ్డు విప్పవద్దన్నది కూడా బ్రోకరు కోసమేనట. నడుం విరిగిన ఎద్దునూ, తల విప్పిన బండినీ ఎవడూ సరైన బేరానికి కొనడని ఆయన లెక్క.

నాకో మనిషి సాయం కావాలన్నాను. ఒకరు మీట నొక్కి స్ప్రింగు అణచి పట్టుకుంటే, ఇంకొకరు దాన్ని పట్టి ఉంచే లాకులు తియ్యాలి. ఈ పని ఒంటి చేత్తో కాదు. బస్తాలు మోసేవాళ్లంతా స్టేషనులో వ్యాగను నింపుతున్నారని చెప్పి, ఆయన పెరట్లోకి ఒక కేక పెట్టారు. ధాన్యం రాశి పక్కనుంచి అప్పలనర్సమ్మ లేచి వచ్చింది. ఆ మిల్లులో ధాన్యం కొలిచే మనిషి ఆవిడ. కుంచంతో కొలుస్తూ, లెక్క పైకి పాడుతూ, రోజుకు ఎన్ని బస్తాలైనా నింపేదట. నల్లగా, బలంగా, నాకన్నా పాతికేళ్లు పెద్దది. కొంగుకు చేతులు తుడుచుకుని బానెట్టులోకి తొంగి చూసి, "ఏటి బాబూ, ఇదేటి గానుగలాగున్నాది?" అంది.

పనికొస్తుందా అని నాకు అనుమానం. ఇంజను టాపు కవరు విప్పి, మీట ఇచ్చి ఒకసారి నొక్కి చూపమన్నాను. మీట అంటే షాపులో కొన్నది కాదు, నేను బస్సు కమాను ఉక్కు బద్ద ముక్కతో చేసుకున్నది. ఒక కొన వాల్వుల పైనున్న రాకరు షాఫ్టు కింద ఆనుతుంది, మధ్యలో ఉన్న రంధ్రం స్ప్రింగు నెత్తిన టోపీ మీద కూర్చుంటుంది, రెండో కొన పట్టుకుని నొక్కాలి. షెడ్డులో హెల్పర్లు రెండు చేతులతో వేలాడితే గానీ అణగని స్ప్రింగును ఆవిడ ఒక్క చేత్తో అణచి, రెండో చేత్తో చెమట తుడుచుకుంది. మీట ఆవిడ చేతికే వదిలేశాను.

కవరు కింద ఎనిమిది స్ప్రింగులూ నూనెలో తడిసి, బుద్ధిగా నిలబడే ఉన్నాయి. విరిగినట్టు ఏదీ కనబడలేదు. అది వింత కాదు. అడుగు చుట్టు దగ్గర విరిగితే పై చుట్లు నిలబడే ఉంటాయి, కంటికి తెలియదు. అందుకే ఒక్కోదాన్నీ వేలితో నొక్కి చూడాలి. పైడయ్య చేసింది అదే. నేను చెయ్యలేదు. కాగితం ఉంది కదా! కాగితం చూసి పని మొదలుపెట్టాను, బండిని చూసి కాదు.

ఒకటో నెంబరు రేడియేటరు వైపు చివరిది. ముందు దాన్నే పట్టాను. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. వాల్వులను నొక్కే రాకర్లన్నీ ఒక షాఫ్టు మీద వరసగా ఉంటాయి. ఆ షాఫ్టును విప్పితే పని సులువే. కానీ దాన్ని పట్టి ఉంచే నట్లలో కొన్ని హెడ్డును పట్టి ఉంచేవి కూడా. అవి వదులు చేశామా, కింద గాస్కెట్టు పట్టు పోతుంది, నీళ్లు కారతాయి. అందుకని షాఫ్టు జోలికి పోకుండా, రాకరు స్క్రూ వెనక్కి తిప్పి, దాన్ని కింది నుంచి నెట్టే పుష్‌రాడ్డు కడ్డీని తప్పించి, రాకరును మాత్రం షాఫ్టు మీద పక్కకు జరపాలి.

ప్లగ్గు విప్పి రంధ్రం మీద నా బొటనవేలు పెట్టి, నర్సమ్మను హ్యాండిలు తిప్పమన్నాను. గాలి వేలిని తన్నిందంటే పిస్టను పైకి వస్తోంది, రెండు వాల్వులూ మూసి ఉన్నాయి అని గుర్తు. వాల్వు తెరిచి ఉండగా తాడు దోపితే అది వాల్వు సందులో చిక్కుకుంటుంది. పిస్టను సగంలో ఉండగా ఆపి, తాడు దోపాను. బయటి కొసకు ముడి. ఎన్ని జానలు లోపలికి వెళ్లిందో లెక్కపెట్టుకోవాలి, ఎందుకంటే వచ్చేటప్పుడు అన్ని జానలూ రావాలి. ఆ లెక్క నేనే పెట్టుకున్నాను. తర్వాత హ్యాండిలు తిప్పితే పావు చుట్టులో మెత్తగా ఆగిపోయింది. తాడు బిగిసింది.

పుష్‌రాడ్డుల రంధ్రాలన్నీ గుడ్డ పీలికలతో మూశాను. స్ప్రింగు టోపీని వాల్వుకు పట్టి ఉంచేవి రెండు లాకులు, చింతగింజలో సగమంత ఉంటాయి. అందులో ఒకటి ఆ రంధ్రంలోంచి జారితే ఇంజను అడుగున నూనె తొట్టెలోకి పోతుంది. నర్సమ్మ మీట నొక్కింది. గ్రీజు రాసిన స్క్రూడ్రైవరు కొనతో రెండు లాకులూ అంటించి తీశాను. స్ప్రింగు చేతికి వచ్చింది. వాల్వు కదలకుండా నిలబడింది. పాపారావుగారికి మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

స్ప్రింగును కిరసనాయిలులో కడిగి ఎండలో పట్టుకు చూశాను. ఎక్కడా చిన్న గీత కూడా లేదు. కొత్తదాని పక్కన నిలబెట్టి చూస్తే వడ్లగింజ మందం పొట్టిగా ఉంది, అంతే. వయసు మీద పడింది గాని విరగలేదు. పైడయ్య పొరబడి ఉంటాడు, ఆరోది విరిగి ఉంటుంది అనుకున్నాను. ఎలాగూ తీశాం కదా అని అక్కడ కొత్తదే వేసి, లాకులు కూర్చి, తాడు లాగేశాను. ఆ ఒక్కదానికే మాకు గంటన్నర పట్టింది. నిజానికి అప్పుడే నాకు బుద్ధి రావాల్సింది. నాయుడుగారు బండి కార్బొరేటరులోంచి తుమ్ముతోందని చెప్పారు. కార్బొరేటరు తుమ్మితే లోపం గాలి లోపలికి వచ్చే వాల్వుది. ఆ ఇంజనులో ఒకటో నెంబరు పొగ పోయే వాల్వు. అది సైలెన్సరులో పేలాలి గాని కార్బొరేటరులో తుమ్మదు. తెలిసిన పాఠమే. తెలిసినవాడికి తొందరెక్కువైతే తెలియనివాడితో సమానం.

ఆరో నెంబరు మూడో సిలిండరుది. ప్లగ్గు విప్పాను, గాలి చూశాను, తాడు దోపడం మొదలుపెట్టాను. ఈసారి రెండు చేతులూ తాడు మీదే ఉన్నాయి కాబట్టి జానలు లెక్కపెట్టమని నర్సమ్మతో అన్నాను. లెక్క అనేసరికి ఆవిడ గొంతు సవరించుకుని, రాశి ముందు నిలబడ్డట్టే ఎత్తుకుంది.

"లాభం... లాభం. రెండు... రెండు. మూడు... మూడు."

ఒకటి అనకుండా లాభం అనడం మా ఊళ్లోనూ ఉంది. నవ్వుకుంటూ తాడు దోపుతున్నాను. నాలుగయింది, అయిదయింది, ఆరయింది.

"ఆరున్నొకటి... ఆరున్నొకటి. ఎనిమిది..."

నా చెయ్యి ఆగిపోయింది. "ఏటన్నావప్పా? ఆరు తర్వాత ఏటన్నావు?"

"ఆరున్నొకటి అన్నాను. ఏటి, తప్పినానేటి?"

"ఆరు తర్వాత ఏడు కదా?"

ఆవిడ చేతిలోని మీట కింద పెట్టేసి బుగ్గలు నొక్కుకుంది. "బాబ్బాబు, ధాన్యం కాడ ఆ ఏడుపు మాట అనకూడదు. కొలిసిన నోటితో ఏడిస్తే రాశి నిలస్తాదేటి? ఈ మిల్లులో ఎవలూ అనరు. నాయుడుబాబు సుట్టలు అడిగినా ఆరున్నొకటి తెమ్మంటాడు. ఇంత సదువుకున్నావు, అంకెలు రావేటి నీకు?"

జేబులోంచి కార్డు తీశాను. నెంబరు ఆరున్నొకటి. గుమాస్తా తప్పు రాయలేదు, పైడయ్య తప్పు చెప్పలేదు, విరిగినది ఏకవచనమే. ఆరూ ఒకటీ అని చదివింది మేం. వేలు చాపి ఏడో స్ప్రింగును పక్కకు నొక్కాను. ఊడిపోయే పంటిలా ఊగింది. నాకు నవ్వు వచ్చింది, సిగ్గూ వచ్చింది. నవ్వే ముందు వచ్చిందని ఒప్పుకోవాలి.

అంతలో స్టేషను వైపు నుంచి పాసింజరు కూత వినబడింది. నాయుడుగారు వరండాలోంచి, "మేస్త్రీ, బరంపురపోడు దిగినాడు. జట్కా మీద అరగంటలో వస్తాడు" అని అరిచారు. గేటు అవతల పైడయ్య బల్ల మీంచి లేచి నిలబడ్డాడు. గేటు చువ్వల మధ్య అతని ముఖం కనబడుతోంది. ఏదో అడగాలని ఉంది గాని, లోపలికి రావద్దన్నారు కాబట్టి గేటు దాటలేదు. ఒకటోదాని మీద పోగొట్టిన గంటన్నర నాది, దాని ఫలితం మాత్రం అతనిది. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

మూడో సిలిండరులోని తాడు లాగేశాను. నర్సమ్మ ఎనిమిది జానలూ తిరిగి కొలిచింది, లాభంతో సహా. ఏడో వాల్వు నాలుగో సిలిండరుది, గాలి లోపలికి రానిచ్చేదే. మళ్లీ ప్లగ్గు, మళ్లీ బొటనవేలు, మళ్లీ తాడు. ఈసారి ఇద్దరికీ పని వంటబట్టింది. ఆవిడ మీట నొక్కింది, నేను లాకులు తీశాను. స్ప్రింగు పై భాగం చేతికి వచ్చింది, అడుగు చుట్టు ముక్క వేరుగా వాల్వు మొదట్లో ఉండిపోయింది. దాన్ని కొక్కెంతో పైకి లాగి, కొత్తది వేసి, టోపీ పెట్టాను. ఒక లాకు కూర్చుంది. రెండోది గ్రీజు వదిలి, టప్పున ఎగిరి పడింది.

ఆవిడ మీట వదలలేదు, వదిలితే స్ప్రింగు లేచిపోతుంది. నేను గుడ్డ పీలికలు ఒక్కొక్కటీ తడిమాను. అయిదో రంధ్రం మీది పీలిక మడతలో దొరికింది. "సేయి నొప్పెడతన్నాది బాబూ, బేగి కానీ" అంది నర్సమ్మ. అప్పటికి ఆవిడ ఆ స్ప్రింగును ఎంతసేపు అణచి పట్టిందో నేను గమనించనేలేదు. లాకు కూర్చుంది. ఆవిడ మెల్లగా మీట వదిలింది. మెత్తని సుత్తితో వాల్వు కొన మీద రెండు దెబ్బలు వేశాను, లాకులు గట్టిగా పట్టాయో లేదో చూడటానికి. పట్టాయి.

తాడూ పీలికలూ తీసేసి, రాకర్లు సరిచేసి, వాటి సందు రేకుతో కొలిచి బిగించి, ప్లగ్గులు వేసేసరికి జట్కా గేటు ముందు ఆగింది. తెల్లటి లాల్చీ, చేతిలో తోలు సంచితో బ్రోకరు దిగాడు. నేను హ్యాండిలు ఒక్క విసురు తిప్పాను. ఇంజను రెండుసార్లు దగ్గి అందుకుంది. తుమ్ము లేదు, కుంటు లేదు. నర్సమ్మ చెవి దగ్గరగా పెట్టి విని, "గింజ రాలినట్టు ఏక దారగా ఉన్నాది" అంది. ఇంజను గురించి అంత మంచి మాట నేను తర్వాత ఏ ఇంజినీరు నోటా వినలేదు.

విరిగిన స్ప్రింగును నాయుడుగారికి చూపించాను. విరిగిన చోట ముఖం సగం తుప్పు పట్టి నల్లగా ఉంది, సగం తెల్లగా మెరుస్తోంది. నల్లటి భాగం ఎన్నో నెలల కిందట బీటలు వారింది, మెరిసేది మొన్న తెగింది. జోరుగా తోలితే ఒక్క రోజులో తెగిన స్ప్రింగుకు ఇలాంటి తుప్పు ఉండదని చెప్పాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. చూసి, గేటు వైపు చెయ్యి ఊపారు. పైడయ్య లోపలికి వచ్చి కారు పక్కన నిలబడ్డాడు. బానెట్టు మీద చెయ్యి వేశాడు.

కథ ఇక్కడ అయిపోయిందనుకున్నాను. అవలేదు. బ్రోకరు కారు చుట్టూ తిరిగాడు, ఇంజను విన్నాడు, లోపల కూర్చున్నాడు. పాడైన బండి కోసం వచ్చినవాడికి తిరిగే బండి దొరికింది. ధర చెప్పాడు. నాయుడుగారు పడక కుర్చీలోంచి ముందుకు వంగారు. ఎంతో నాకు వినబడలేదు గాని, ఆయన ఊహించినదానికన్నా ఎక్కువేనని ముఖం చూస్తే తెలిసింది. తిరిగే బండిని ఉంచుతానన్న మాట నేను గుర్తు చేశాను. "మాట మాటే మేస్త్రీ, కాదన్నానేటి? బేరం కూడా బేరమే కదా" అన్నారు. బండిని ఎంత బాగా బాగుచేశానో, పైడయ్య నెత్తికి అంత ముప్పు తెచ్చానన్నమాట.

అప్పుడు బ్రోకరు నా వైపు తిరిగి, ఏం చేశావని అడిగాడు. రెండు కొత్త స్ప్రింగులు వేశానన్నాను. అతను తృప్తిగా తల ఊపాడు. అక్కడ ఆగిపోవచ్చు. షెడ్డులో అందరూ అక్కడే ఆగేవారు. నేనూ ఆగేవాణ్ణి. పైడయ్య చెయ్యి ఇంకా ఆ బానెట్టు మీదే ఉంది.

"రెండే కొత్తవి. మిగిలిన ఆరూ విరిగినదానితో పాటు పుట్టినవే. తీసి చూసినది పొట్టిబడింది. లోపల బీట ఉందో లేదో పైకి తెలియదు. ఎప్పుడైనా తెగొచ్చు" అన్నాను.

బ్రోకరు ముఖం మారింది. కారు దిగి, ఒక్కో స్ప్రింగుకూ కొంత చొప్పున ధర కోసుకుంటూ వచ్చాడు. అతని పని అది, తప్పు పట్టను. కానీ కోత ఎక్కువయ్యేకొద్దీ నాయుడుగారి మెడ నరాలు ఉబ్బడం మొదలుపెట్టాయి. చివరికి ఆయన లేచి నిలబడి, "నా బండిని తుక్కు సామానులాగ తూస్తావేటి? మా ఇంట బియ్యం తిని ఎల్లు, బండి మాత్రం ఇవ్వను" అన్నారు. బ్రోకరు నిజంగానే భోజనం చేసి, సాయంత్రం రైలుకు వెళ్లిపోయాడు.

జట్కా కదిలాక నాయుడుగారు నా మీద పడ్డారు. "నీ నోరు కాలా! సక్కని బేరం సెడగొట్టినావు." ఆయన కాసేపు అటూ ఇటూ తిరిగి, కారు ముందు ఆగి, "ఆ ఆరూ ఎప్పుడు మారస్తావు?" అన్నారు. స్ప్రింగులు రాగానే అన్నాను. "ఒరే పైడీ, అందాకా మెల్లగా తోలు" అన్నారు. అంతే, అతని ఉద్యోగం గురించి మళ్లీ ఆ ఇంట్లో మాట రాలేదు.

తిరిగి స్టేషనుకు పైడయ్యే నన్ను దింపాడు. దారిలో అతను అడిగింది ఒక్కటే, ఆ మాట బ్రోకరుతో కావాలని అన్నావా అని. నిజం అన్నానని చెప్పాను. రెండూ నిజమేనని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. మర్నాడు షెడ్డులో పాపారావుగారికి కార్డు సంగతి చెబితే, ఆయన చాలాసేపు నవ్వి, ఈ ముచ్చట యజమాని చెవిన పడకుండా చూడమన్నారు. స్ప్రింగులు మార్చిలో వచ్చాయి. ఆదివారం వెళ్లి ఆరింటినీ ఆ మిల్లు పెరట్లోనే, హెడ్డు విప్పకుండానే మార్చాను. మీట నర్సమ్మ చేతిలోనే ఉంది. తీసిన వాటిలో రెండింటికి లోపల బీటలు కనబడ్డాయి. పైడయ్య ఆ కారు ఇంకో తొమ్మిదేళ్లు తోలి, కళ్లు ఆనడం లేదని తనంతట తానే స్టీరింగు వదిలాడు.

తర్వాత ముప్ఫై ఏళ్లలో నేను ఫోర్‌మన్ దాకా ఎదిగి రిటైరయ్యాను. నా కింద పని చేసిన ప్రతి ఫిట్టరుకూ రెండు నియమాలు పెట్టాను. ఎవరు ఏ నెంబరు రాసి పంపినా, ముందు వేలు పెట్టి చూడాలి. బండి అప్పగించేటప్పుడు ఏమి మార్చామో చెప్పే ముందు, ఏమి మార్చలేదో చెప్పాలి. మొదటి నియమం నాకు తెలియక నేర్చుకున్నది. రెండోది తెలిసి కూడా, ఒక మనిషి కూడు పోయే పరిస్థితి వస్తే గాని నేను పాటించనిది.